పాత వీరుడు, క్రొత్త కొలత

గత సంవత్సరము జూలై నెలలో ఒక శనివారము సాయంకాలము, ముసురు పట్టియుండగా, మా వసతిగృహమునుండి ముగ్గురు బాలురు గొడుగొక్కటియే పట్టుకొని నా యింటికి వచ్చిరి. బీజగణితములో సందేహమేదో తెచ్చియుందురని తలచి నేను కళ్లద్దములు వెదకుకొనుచుండగా, వారిలో పదియవ తరగతి చదువువాడు సంచిలోనుండి పసుపువన్నెకు తిరిగిన కాగితములు నాలుగు తీసి, తడి యంటకుండ నా బల్లపై పఱచెను. అవి లెక్కలు కావు. బొత్తిగా లెక్కలు కాకపోలేదు కూడ. ఒక మాంత్రికుని బలములు, మంత్రములు, ధనము, శత్రువులు, అన్నియు చీమలబారువంటి అక్షరములతో అందు వ్రాయబడియున్నవి. పైన “34వ మెట్టు” అని యున్నది.

ఆ కాగితములు ఆ బాలుని మేనమామవి. ఆయన 2004 మొదలు 2009 వఱకు, కళాశాల దినములలోను ఉద్యోగపు తొలిదినములలోను, నలుగురు స్నేహితులతో గూడి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను ఆడి, ఆ మాంత్రికుని మొదటి మెట్టునుండి 34వ మెట్టు వఱకు పెంచెను. తరువాత స్నేహితులు తలయొక దిక్కునకు పోయిరి. ఆయన టెక్సాసులో స్థిరపడెను. కొన్ని యేండ్ల క్రిందట సెలవుపై వచ్చినప్పుడు ఆ కాగితములను మేనల్లుని చేతబెట్టి, “ఒక్క అంకెయైనను చెఱుపకురా” అని చెప్పి పోయెను. ఆ మేనల్లుడిప్పుడు తన తోటివారితో అదే ఆటను ఆడుచున్నాడు. ఆట అదియే, కూర్పు వేఱు. మామ ఆడినది సవరించిన మూడవ కూర్పు. వీరాడునది 2014లో వెలువడిన అయిదవ కూర్పు. ఇందు 20వ మెట్టుతో నిచ్చెన ముగియును.

ఇక వివాదమేమనగా, 34ను 20కి కోసివేయవలెనని యొకడు. ఉన్న అంకెలను ఉన్నట్లే యుంచవలెనని మేనల్లుడు. ఈ తంటాయంతయు ఏల, కాగితములను మడిచి పెట్టెలో పెట్టి క్రొత్తవానిని మొదటి మెట్టున పుట్టింపుమని మూడవవాడు. రెండు వారములుగా ముగ్గురికిని సరిగా మాటలు లేవట. “మీరు మార్కులలో ఎవరికిని పక్షపాతము చూపరు గదా, మాష్టారూ, మీరేది చెప్పిన అదే” అని నన్ను మధ్యవర్తిని చేసిరి. పొగడ్తకు లొంగనివాడు ఉపాధ్యాయులలో అరుదు. నేనును లొంగితిని.

తల్లిదండ్రులలో అనేకులకు ఈ యాట క్రొత్తది గనుక కొంత చెప్పవలసియున్నది. 1974లో అమెరికాదేశమున గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దీనిని వెలువరించిరి. చదరంగమునకు వలె బల్ల అక్కఱలేదు. ఒకడు కథ నడుపును. వానిని డంజన్ మాస్టరందురు. తక్కినవారు తలకొక పాత్రను చేపట్టి, “ఇప్పుడు నేనిట్లు చేయుదును” అని చెప్పుదురు. ఆ పని నెఱవేఱునో లేదో సందేహమైనచోట ఇరువది ముఖముల పాచికను వేసి, పడిన అంకెకు పాత్రయొక్క బలమును కూడి, కావలసిన అంకెను అందెనా లేదా అని చూతురు. గెలిచినకొలది అనుభవపు లెక్క పెరుగును, దానితో మెట్టు పెరుగును. పేకాటవలె ఇది ఆ రాత్రితో ముగియదు. ఒకే పాత్ర సంవత్సరముల తరబడి సాగును. కావున ఆ నాలుగు కాగితములను ఆటసామానుగా చూడరాదు. ఉద్యోగికి సర్వీసు రిజిస్టరెట్టిదో ఆ మాంత్రికునికి అవి యట్టివి.

దయ్యములు, మాంత్రికులు గల ఆట మిషన్ పాఠశాల ఆవరణలో ఏలయని కొందఱడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. 1980 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని క్రైస్తవులు కొందఱు ఇదే యడిగి గట్టిగా ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణల నడుమ, 1989లో వెలువడిన రెండవ కూర్పులో ‘డెవిల్’, ‘డీమన్’ అను పేర్లను తీసివేసి బాటెజు, తనారి అను వింతపేర్లు పెట్టిరి. 2000లో మూడవ కూర్పున పాత పేర్లు మరల వచ్చెను. దయ్యమును జయించి పేరుపొందిన వీరుడొకడు ఆ పదునొకండేండ్లు దయ్యమను మాటయే లేని లోకములో తిరిగెనన్నమాట. నామట్టుకు నేను ఈ బాలుర ఆటను రెండు సాయంకాలములు ప్రక్కన కూర్చుండి చూచితిని. అచ్చట కూడికలు, తీసివేతలు, వాగ్వాదము, విస్తారమైన నవ్వు తప్ప మఱేమియు కనబడలేదు.

ఇక అసలు సంగతి. ఈ యాటలో మెట్టు అను కొలత ఏనాడును నిలుకడగా నుండలేదు. తొలిదినములలో మెట్లకు పైకప్పు లేకుండెను. నలువది దాటిన వీరులు మాయొద్ద కలరని కొందఱు చెప్పుకొనుచుండగా, 1976లో వెలువడిన ‘గాడ్స్, డెమీ-గాడ్స్ అండ్ హీరోస్’ అను అనుబంధగ్రంథపు ముందుమాటలో టిమ్ కాస్క్ అను సంపాదకుడు వారిని ఎగతాళి చేసెను. పురాణదేవతల బలమునకే ఇంతయని హద్దు వ్రాసి చూపితిమి, ఇక మీ వీరుల మాట ఎవరు నమ్ముదురని ఆయన భావము. 1983 మొదలు 1986 వఱకు ఫ్రాంక్ మెంట్జరు కూర్చిన పెట్టెలలో మెట్లు 36. అవి దాటినవాడు మరణము లేనివాడై వేఱొక లెక్కలోనికి పోవును. 2000లో మూడవ కూర్పు 20 మెట్లతో ఆగినది. రెండేండ్లు తిరుగకముందే ‘ఎపిక్ లెవెల్ హ్యాండ్‌బుక్’ అను గ్రంథము వచ్చి ఆ కప్పును పెఱికివేసెను. మన మాంత్రికుడు 34కు ఎక్కినది ఆ నిచ్చెనమీదనే. 2008 నాటి నాలుగవ కూర్పున మెట్లు 30. ఆ చివరకు చేరినవాడు తనకు విధింపబడిన కడపటి కార్యమును ముగించి కథనుండి సెలవు తీసికొనును. (పదవీవిరమణ వయస్సును ఇంత చక్కగా ఏర్పఱచిన కూర్పు మఱియొకటి లేదు.) 2014లో మరల 20.

కనుక 34లో 20 ఎంత భాగమని లెక్కవేయబూనుట తప్పుదారి. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు మా తాతగారికిని అంగడివానికిని నిత్యము తగవేనట. అణాకు 6 పైసలని ఒకరు, కాదు ఆఱుంబావని మఱియొకరు. అయినను ఆ తగవు పావు పైసాతో తీఱిపోవునది. 16 అణాలైనను 100 పైసలైనను రూపాయ రూపాయయే. దానిని ముక్కలు చేసిన తీరు మాత్రము మాఱినది. అచ్చట భాగహారము చాలును. ఈ యాటలో కూర్పు మాఱినప్పుడు మాఱునది రూపాయయే.

మార్కుల సంగతి చెప్పిన మా విద్యార్థులకు ఇది సులభముగా తెలియును. శిక్షణ కళాశాలలో మాకు నేర్పినవానిలో నేను మఱవనిది ఒకటి కలదు: మార్కు తనంతట తానేమియు చెప్పదు. ఒక బాలునికి 62 వచ్చెననిన, ఏ పత్రములో అని యడుగవలెను. ఎందఱిలో ఎన్నవవాడని యడుగవలెను. కఠినమైన పత్రములో 62 తెచ్చినవాడు తరగతికి మొదటివాడు కావచ్చును, సులభమైన దానిలో 80 తెచ్చినవాడు నడుమ నుండవచ్చును. ఇరువురి మార్కులను ప్రక్కప్రక్కన పెట్టి 18 తక్కువయని ఏడ్చుట వ్యర్థము.

ఇది మాటలతో చెప్పిన ముగ్గురును తలలూపిరి గాని ఎవడును నమ్మలేదు. కావున ఆ రాత్రి పెన్సిలు పట్టితిని. మాంత్రికునికి ప్రాణము మేధ. పాత కాగితములో అతని మేధ 37. పుట్టుకతో 18, నాలుగు మెట్లకు ఒకటి చొప్పున 32వ మెట్టు వఱకు 8, మాయాగ్రంథమొకటి చదివినందున 5, నొసట కట్టిన పట్టీవలన 6. క్రొత్త కూర్పులో పాత్రల మేధ సాధారణముగా 20 దాటదు. 37ను చూచిన కన్నులకు 20 దారిద్ర్యముగా తోచుట సహజమే. అయితే మంత్రము ప్రయోగించినప్పుడేమగునో చూడుడు. పాత కూర్పులో అతని 9వ శ్రేణి మంత్రమును తప్పించుకొనుటకు శత్రువు 32 తేవలెను: మూలము 10, మంత్రపు శ్రేణి 9, మేధవలన 13. క్రొత్త కూర్పులో తేవలసినది 19: మూలము 8, నైపుణ్యమువలన 6, మేధవలన 5. మేనల్లుని ముఖము చిన్నబోయెను.

“ఎదుటివాని లెక్క మాఱలేదా, నాయనా?” అని నేనడిగితిని. రెండు కూర్పులలోను టరాస్క్ అను మహామృగమొకటి కలదు, నగరములను మ్రింగునంతటిది. పాత కూర్పులో అది మనోబలమునకై పాచికపై 20 కూడుకొనును. 32 అందుటకు పాచికపై 12 గాని అంతకు మించి గాని పడవలెను. అనగా ఇరువదింట పదునొకండు మాఱులు మంత్రము పాఱును. క్రొత్త కూర్పులో అది కూడుకొనునది 9 మాత్రమే. 19 అందుటకు పాచికపై 10 చాలును. అనగా ఇరువదింట తొమ్మిది మాఱులు మంత్రము పాఱును. 37కును 20కిని నడుమనున్న అగాధము కాస్త పదునొకటికిని తొమ్మిదికిని ఉన్న తేడాగా తేలినది. క్రొత్త టరాస్క్‌కు మంత్రములను త్రోసివేయు శక్తులు అదనముగా కలవు గనుక మన మాంత్రికుడు ఇంకను కొంత నష్టపోవును. ఆ సంగతియు వారికి చెప్పితిని. ఆ మూడవ బాలుడు, గణితములో ఎన్నడును నోరు తెఱవనివాడు, యుద్ధవీరుని లెక్కయు అట్లే వచ్చునాయని తనంతట తానే వేసి చూచెను. రాలేదు. పాత కూర్పులో 20వ మెట్టు వీరుడు పాచికపై 35 వఱకు కూడుకొనగలడు, పాత టరాస్క్ రక్షణాంకము 35. పాచికపై 1 పడిననే గాని దెబ్బ తప్పదు. క్రొత్త కూర్పులో మంచి కత్తి చేతనున్నను అతడు కూడుకొనునది 14, టరాస్క్ రక్షణాంకము 25. సగము దెబ్బలు గాలిలో పోవును. మాంత్రికునికి న్యాయమైన త్రాసు కత్తివీరునికి న్యాయము కాదని ఆ బాలుడు కనుగొనెను. ఆ సంవత్సరమంతటిలో నాకు అంతటి సంతోషము కలిగించిన జవాబు వేఱొకటి లేదు.

అన్నియు సమమయ్యెనని చెప్పుట అబద్ధము. మాంత్రికునికిని రెండుచోట్ల నిజమైన నష్టము కలదు. మొదటిది, పాత కూర్పులో ఈ మాంత్రికుడు దినమునకు 9వ శ్రేణి మంత్రములు 6 ప్రయోగింపగలడు. క్రొత్త కూర్పులో 20వ మెట్టు మాంత్రికునికి దినమునకు ఒక్కటి. రెండవది, ఇంతకంటె పెద్దది, సామాన్యులతో అతని సంబంధము. పాత కాగితములో అతని రక్షణాంకము 40. కోటగుమ్మపు కావలివాడు బాణము వేసినచో పాచికపై 20 పడిననే గాని అది తగులదు. క్రొత్త కూర్పులో రక్షణాంకము 20 అనుకొందము; కావలివాడు పాచికపై 3 కూడుకొనును గనుక 17 పడిన చాలును. ఇరువదింట ఒక బాణము తగులుచోట నాలుగు తగులును. పాత లోకములో ఈ మాంత్రికుడు సేన నడుమనుండి చేతులు వెనుకకు కట్టుకొని నడచిపోగలడు. క్రొత్త లోకములో నూఱుగురు విలుకాండ్రను చూచినచో దారి మార్చుకొనును. ఇది పొరపాటున జరిగినది కాదు. అంకెలు ఆకాశమునకు పోకుండ, అల్పునికిని బలవంతునికిని నడుమ పాచికకు పని యుండునట్లు క్రొత్త కూర్పును వ్రాసినవారు కోరి చేసినదే. నా యభిప్రాయములో అది మంచి మార్పు. మంచి మార్పైనను నష్టము నష్టమే. పోయినది పోయినదని బాలురకు చెప్పవలెను గాని, ఏమియు పోలేదని బుజ్జగింపరాదు.

లోకమంతయు చూచుచుండగా జరిగిన మార్పిడి యొకటి కలదు. కంప్యూటరుమీద ఆడు ‘బాల్డర్స్ గేట్’ అను ఆట 1998లోను, దాని రెండవ భాగము 2000లోను వెలువడెను. 2001లో వచ్చిన అనుబంధములో పాత్రలు 80 లక్షల అనుభవపు లెక్క వఱకు పెరుగవచ్చును. అవి రెండవ కూర్పు నియమములు. అందు మిన్స్క్ అను వీరుడు, జహైరా అను వనరక్షకురాలు దేవతలతో సమముగా పోరాడిరి. 2023లో మూడవ భాగము వచ్చెను, అయిదవ కూర్పు నియమములతో. ఆ యిరువురును అందు మరల కనబడుదురు; కాని ఆ యాటలో ఎవరికైనను 12వ మెట్టే పైకప్పు. దేవతలతో పోరాడినవారు పండ్రెండవ మెట్టుకు దిగిపోవుటయా యని కొందఱు సణుగుకొనిరి. జహైరా దీర్ఘాయువు గల జాతి స్త్రీ గనుక ఆ నూఱేండ్లకు పైబడి జీవించి తల నెఱిసియుండెను. మిన్స్క్ ఆ కాలమంతయు ఱాతిబొమ్మయై నిలిచియుండెనని కథ. అతడు లేచి వచ్చినప్పుడు అతని వెంటనున్న చిట్టెలుక, బూ అనునది, కూడ వచ్చెను. ఆడినవారు అతనిని గుర్తించినది 80 లక్షలను బట్టియా, బూను బట్టియా? ఈ ప్రశ్నకు మా బాలురు ముగ్గురును ఒక్కమాఱే జవాబు చెప్పిరి.

ఫర్గాటెన్ రెల్మ్స్ అను కల్పితలోకమును నడుపువారు పట్టిన త్రోవ వేఱు. నియమములు మాఱినప్పుడెల్ల లోకమునే కుదిపివేయుదురు. 1989లో రెండవ కూర్పు వచ్చినప్పుడు దేవతలు భూమిపై పడి తిరిగిన సంక్షోభమును కల్పించిరి. 2008లో నాలుగవ కూర్పు వచ్చినప్పుడు మంత్రవిద్యకు అధిదేవతయైన మిస్ట్రాను చంపించి, మంత్రములన్నియు చెదరిపోయినవనిరి. పుస్తకములు వ్రాయువారికి ఇది అనుకూలముగా నుండవచ్చును. కూడికల పద్ధతి మార్చుటకు ఒక దేవతను చంపవలెనా యని నాకు తోచినది. పాఠ్యక్రమము మాఱినదని బడిభవనమును కూల్చినట్లున్నది.

ఈ సంగతులన్నియు మాటలాడుకొనిన పిదప నేను బాలునితో, “కాగితములు మూసి, ఈయన ఎవరో చెప్పుము” అంటిని. వాడు మామ చెప్పగా విన్నదంతయు చెప్పనారంభించెను. పట్టణముపై ఆకాశము చీలినప్పుడు దానిని మూసిన వైనము. చావును జయింపబోయి అస్థిపంజరమై మిగిలిన తన గురువుతోనే పోరాడవలసి వచ్చుట. మఱియొక లోకమున మూడేండ్లు చెఱలో నుండి త్రోవ కనుగొని వచ్చుట. కడపట బురుజునొకదానిని గాలిలోనికి లేపి, అందు అనాథబాలురకు బడి పెట్టుట. ఇరువది నిమిషములైనను వాడు ఊపిరి తిప్పుకొనలేదు. కోసివేయవలెనన్నవాడు కూడ ఱెప్పవేయక వినుచుండెను. అప్పుడు నాకు 1976 నాటి ఆ ముందుమాట వేఱుగా అర్థమైనది. నలువదవ మెట్టు అయినందున ఎవడును హాస్యాస్పదుడు కాడు. కథ లేకుండ మెట్లు మాత్రమే యున్నవాడు హాస్యాస్పదుడు. మా వసతిగృహములోనే మఱియొక కుఱ్ఱవాడు ఒక్క పూటలో 60వ మెట్టు వీరుని తయారుచేసి తెచ్చినాడు. వానిని మూసి చెప్పుమంటిని. “చాల బలవంతుడండీ” అని ఆగిపోయెను. అట్టివానిని ఏ కూర్పులోనికి మార్చిన నేమి, మార్చకున్న నేమి!

అట్లు నా తీర్పు కుదిరినది. అంకెలు ఉన్నట్లే ఉంచుట కుదరదు; ఒక్కని 37 చేత తక్కిన నలుగురి ఆట చచ్చిపోవును. 20కి కోసి ఊరకుండుటయు న్యాయము కాదు. అట్లయినచో నిన్ననే 20కి చేరినవానికిని, ఆకాశమును కుట్టినవానికిని భేదముండదు. ఇక మొదటినుండి పుట్టింపుమన్న వాని మాటలో నిజాయితీ కలదు గాని, వాడు మార్పిడి చేయుమని అడిగినదానికి మార్పిడి వద్దని చెప్పుచున్నాడు. అది జవాబు కాదు.

క్రొత్త కూర్పులోనే దారి యున్నది. 2014 నాటి డంజన్ మాస్టరు గ్రంథములో, 20వ మెట్టు చేరినవారికి ఇయ్యదగిన వరములు కొన్ని వ్రాయబడినవి. 3,55,000 అనుభవము దాటిన పిదప ప్రతి 30,000కును ఒక వరమీయవచ్చునని సూచనయు కలదు. ఇది చూచి కోతవాడు చటుక్కున లెక్కగట్టెను: పాత కూర్పులో 34వ మెట్టుకు 5,61,000, అందుండి 3,55,000 తీసివేయగా 2,06,000, దానిని 30,000తో భాగింప ఆఱు వరములు. కూడిక తీసివేతలలో తప్పు లేదు, ఆలోచనలో కలదు. పాత కూర్పులో 20వ మెట్టుకు 1,90,000 చాలును, క్రొత్త కూర్పులో 3,55,000 కావలెను. రెంటికిని అనుభవమనియే పేరు, రూపాయ మాత్రము ఒకటి కాదు. “వరములను అంకెలకు గాక పనులకు ఇయ్యుడు” అంటిని.

వారు నాలుగు పనులకు నాలుగు వరములు ఏర్పఱచిరి. ఆకాశమును మూసినందుకు 9వ శ్రేణి మంత్రము దినమునకు మఱియొకటి. అట్లు ఒక్కటి రెండయినది. గురువుతో పోరాడినందుకు మాయను చీల్చి నిజమును చూచు చూపు. చెఱనుండి వచ్చినందుకు ఆ లోకమునకు పోయి వచ్చు శక్తి. బడి పెట్టినందుకు వార్ధక్యము లేకుండుట. పిల్లలున్నంత కాలము మాష్టారుండవలెను గదా యని వారే అనిరి. చిక్కుపడినది బురుజు. దానిని లేపిన మంత్రము 2002 గ్రంథములోని నియమములతో మామ స్వయముగా కూర్చినది. క్రొత్త కూర్పులో 9వ శ్రేణికి పైబడిన మంత్రములు లేవు. మంత్రమును కాగితముమీద ఎట్లు వ్రాయుదుమని వారు, వ్రాయనక్కఱలేదని నేను. బురుజు లేచియున్నది, ఆడువారి లోకపటములో దానికి చోటు పెట్టుడు, లేపినది ఎవరో ఆ దేశమున ప్రతివాడును ఎఱుగునట్లు కథ నడుపుడు అంటిని. పాత్ర కాగితమున పట్టని బలమును లోకములో నిలుపవచ్చును. మార్పిడి పుస్తకములలో నేను చూడని ఉపాయమిది. చూచినవారున్నచో నేను కనిపెట్టితినని చెప్పుకొనను.

మేనమామను అడుగకుండ ఏమియు ముగింపరాదని నేను పట్టుపట్టినందున, పాత కాగితములలో ఒక్క అంకెయు చెఱుపక, వేఱు కాగితముమీద క్రొత్త లెక్క వ్రాసి యుంచిరి. డిసెంబరు నెలలో ఆయన వచ్చెను. క్రిస్మస్ మఱునాడు వసతిగృహపు భోజనశాలలో బాలుర నడుమ కూర్చుండి, రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చాలసేపు చూచెను. నలువదియేండ్లు దాటిన మనిషి, నా యీడువాడు, ఆటకాగితము చూచి అంత గంభీరుడగునని నేననుకొనలేదు. “ఆఱు మంత్రములను రెండు చేసితిరా!” అనెను. మేనల్లుడు తల వంచుకొనెను. ఆయన కోపపడలేదు గాని ఊరుకొననును లేదు; విలుకాండ్ర లెక్కను మొదటినుండి చేయించి వినెను. బురుజు గీసిన పటమును చూచి, ద్వారము పడమటివైపు కాదు, ఉత్తరమని దిద్దెను.

పిమ్మట పాత కాగితమును వెనుకకు త్రిప్పి, “ఇది యేదిరా?” అని యడిగెను. ఆ మూల, పెన్సిలుతో, సగము చెఱిగిపోయిన పంక్తి యొకటి కలదు. బురుజు వంటవానికి 12 వెండి నాణెములు బాకీ. మొదటి మెట్టున నున్నప్పుడు, వాడింకను పూటకూటింటివాడై యుండగా, అన్నము పెట్టినందుకు ఈయవలసినదట. రాజుల నిధులు చేతికి వచ్చిన తరువాతను తీర్చలేదట, తీర్చినచో వాడు మాటలాడుట మానునేమోనని. బాలురలో ఎవడును దానిని చూచియుండలేదు. మేనల్లుడు కలము తీసి, క్రొత్త కాగితమున వరములకు క్రింద, “వంటవానికి బాకీ 12” అని వ్రాసెను. మామ పాచికను చేతిలోనికి తీసికొని, ఎక్కడ ఆపితిరో చెప్పుమనెను.